నొప్పికి బేరమాడిన గున్నమ్మ

గున్నమ్మ గొంతు లేస్తే పొందూరు వీధుల్లో ముందు పిల్లులు లేచేవి, ఆ తర్వాతే మనుషులు.

“కానాగంతలో... కవ్వలో...” అని ఆవిడ వీధి మొగలో నిలబడి చేపల పేర్లతో ఒక్క కేక పెట్టిందంటే, మగ్గం మీద కూర్చున్నవాడు కూడా చెయ్యి ఆపి, హమ్మయ్య, ఇవాళ కూరేమిటో తేలిపోయింది అనుకునేవాడు. ఆవిడది సముద్రం ఒడ్డున ఉప్పుటేరుపేట. చీకటుండగానే పడవల దగ్గరికి వెళ్ళి చేపలు కొని, తట్ట నెత్తికెత్తుకుని, ఆటో ఎక్కి, బస్సెక్కి, పొందూరులో దిగి, వీధి వీధీ తిరిగి అమ్ముకుని, మధ్యాహ్నానికి ఖాళీ తట్టతో ఇల్లు చేరేది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని అది. మొగుడు జోగయ్య వేటకి, ఆవిడ అమ్మకానికి. జోగయ్య పోయాక కూడా ఆవిడ మానలేదు. మాని ఏం చెయ్యాలి? ఇంట్లో కూర్చుంటే గోడలు చూడాలి, వీధిలో తిరిగితే మనుషుల్ని చూడొచ్చు. అదీ ఆవిడ లెక్క.

ఇక బేరమంటారా, అందులో ఆవిణ్ణి గెలిచిన మొనగాడు పుట్టలేదు. పడవ దగ్గర కొనేటప్పుడు నవ్వొచ్చేంత తక్కువ అడిగేది. వీధిలో అమ్మేటప్పుడు కళ్ళు తిరిగేంత ఎక్కువ చెప్పేది. అసలు ధర ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉండేది, అది ఆవిడకీ ఆ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలిసేది కాదు. “ఉన్నమాట ముందే సెప్పీస్తే ఇంకేటి బేరమే?” అని కోడలు రాణికి పాఠం చెప్పేది. ఇదేదో ఆవిడొక్కత్తి కనిపెట్టిన విద్య కాదు లెండి. ఉప్పుటేరుపేట ఆడవాళ్ళందరికీ ఉగ్గుపాలతో వచ్చిందే. అడిగేవాడు ఎక్కువ చెప్తాడు, ఇచ్చేవాడు తక్కువ చెప్తాడు, ఇద్దరూ కాసేపు తిట్టుకుని ఒకచోట ఆగుతారు. లోకమంతా ఇలాగే నడుస్తుందని వాళ్ళ నమ్మకం.

అలాంటి గున్నమ్మకి కుడి మోకాలు పోయింది.

ఒక్క రోజులో పోలేదు. బరువు తట్టతో ఇసకలో నడిచీ నడిచీ ఏళ్ళ తరబడి అరిగింది. మొదట బస్సు మెట్టు ఎక్కేటప్పుడు కలుక్కుమనేది. తర్వాత దిగేటప్పుడూ అంది. కాలు విల్లులా బయటికి వంగింది. హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళిన మరుసటేడు పొందూరు వెళ్ళడం తగ్గించింది, ఆ పై ఏడు పూర్తిగా మానేసింది. అరుగు మీద కూర్చుని, తట్టలతో ఆటోలు ఎక్కే ఆడవాళ్ళని చూసి, వాళ్ళు కనుమరుగయ్యాక లోపలికి పోయి కోడలి మీద చిరాకు పడేది. “నన్నేటి, కట్టెలా మూల పడీసినారా?” అనేది. పాపం రాణి ఏం చేస్తుంది, నోరు మూసుకుని బియ్యం ఏరుకునేది.

ఆస్పత్రికి వెళ్తే డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించి, మోకాలి చిప్ప కింద అంతా అరిగిపోయిందనీ, మార్చి కొత్త కీలు పెట్టాలనీ చెప్పాడు. గున్నమ్మ సరేనంది. కానీ పక్కింట్లో ఉన్న ఆవిడ అప్ప కూర్మమ్మ లబలబలాడింది.

కూర్మమ్మ ఊరికే భయపెట్టే మనిషి కాదు. ఆవిడకీ కొన్నేళ్ళ కిందట ఎక్కడో దూరాభారం వెళ్ళి మోకాలి ఆపరేషను చేయించారు. ఆపరేషను బాగానే జరిగింది. కానీ ఆ తర్వాత వచ్చిన నొప్పికి ఆవిడ కాలు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వంచాలమ్మా అని దగ్గరికొచ్చిన కుర్రాణ్ణి కరిచినంత పని చేసింది. వంచకుండా ఊరుకుంటే కాలు ఊరుకుంటుందా? తెడ్డులా బిగుసుకుపోయింది. అప్పట్నుంచీ కూర్మమ్మ ఎక్కడ కూర్చున్నా ఆ కాలు ముందుకి చాపుకునే ఉంటుంది. ఆటో ఎక్కదు, బస్సెక్కదు, ఆ గడప దాటి ఆ అరుగు మీదికి రావడానికే ఒక మనిషి సాయం కావాలి.

“ఒసే గున్నా, నా మాటిను. అరిగిన కాలైనా వంగుతాది. ఇది సూడు, వంగదు. నాలాగైపోతావే!” అని ఏడ్చింది.

“నానేటి నీలాగ పిరికిదాన్నా?” అని గున్నమ్మ కసిరింది గానీ, ఆ రాత్రి అన్నం సరిగ్గా దిగలేదు. ఎందుకంటే ఆవిడ భయం కూడా అదే. చావుకి భయపడలేదు, కోతకి భయపడలేదు. కాలు బిగుసుకుపోయి, పొందూరు వీధులు ఇంక ఈ జన్మకి లేవంటే ఏమైపోవాలి? అదొక్కటే భయం.

శ్రీకాకుళంలో ఆస్పత్రి. కొడుకు దాలయ్య గుజరాత్‌లో వీరావల్ రేవులో పడవ మీద పనిలో ఉన్నాడు. ఫోనులో ధైర్యం చెప్పాడు. తోడు రాణి వెళ్ళింది. కూర్మమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. వద్దన్నా వినలేదు. “నా కళ్ళతో నాను సూడాల” అని, ముగ్గురు మనుషులు మోస్తే వ్యాను వెనక సీటులో అడ్డంగా పడుకుని మరీ వచ్చింది. ఆస్పత్రి గదిలో తోడువాళ్ళకిచ్చే బల్ల మొత్తం తనే ఆక్రమించి, చాపిన కాలు దారికడ్డంగా పెట్టుకుని కూర్చుంది. వచ్చే నర్సూ పోయే నర్సూ ఆ కాలు తట్టుకోవడం, కూర్మమ్మ వాళ్ళని శాపనార్థాలు పెట్టడం. అదో సంత.

ఆపరేషనుకి ముందు మత్తు డాక్టరమ్మ వచ్చింది. పేరు అరుణశ్రీ. రాజాం పిల్ల, చిన్న వయసే, కళ్ళజోడు. వచ్చీ రాగానే స్టూలు లాక్కుని కూర్చుని, “పిన్నీ, నీకేం భయం?” అని అడిగింది.

గున్నమ్మకి ఆ పిలుపు నచ్చింది. “భయమేటి తల్లీ. అదిగో మా అప్ప కాలు సూడు. అలగైపోకూడదు, అంతే.”

అరుణశ్రీ లేచి వెళ్ళి కూర్మమ్మ కాలు చూసింది. ఎలా జరిగిందో అడిగి తెలుసుకుంది. తిరిగొచ్చి నెమ్మదిగా చెప్పింది. “ఆవిడ తప్పు లేదు పిన్నీ. అంత నొప్పిలో ఎవరూ వంచలేరు. అందుకే నీకు నేను ముందే నరానికి మందు ఇస్తాను. మోకాలి నొప్పిని పైకి మోసుకెళ్ళే నరం ఒకటి తొడ లోపలి పక్కన ఉంటుంది. దాన్ని నిద్రపుచ్చుతాను. కాలికి బలం చాలా మటుకు ఉంటుంది, నొప్పి మాత్రం తగ్గుతుంది. అప్పుడు కాలు వంచొచ్చు, నిలబడొచ్చు. మొదటి రెండు మూడు రోజుల్లో వంచేస్తే గెలిచినట్టే.”

తొడ మీద జిగురులాంటిదేదో పూసి, చిన్న మిషను ఆనించింది. పక్కనున్న టీవీ లాంటి దాంట్లో నలుపూ తెలుపూ నీడలు కదిలాయి. గున్నమ్మ మెడ సాచి చూసింది.

“ఓలమ్మో! మావోడి బోటులో చేపల్ని సూసే మిషను ఇలగే ఉంటాదంట!”

“అదే అనుకో. నేను నరం కోసం చూస్తున్నాను. అదిగో, ఆ తెల్లటి ముద్ద.”

“దొరికినాదా? ఒదలకు, పట్టీ!”

గదిలో అందరూ నవ్వారు. అరుణశ్రీ నవ్వుతూనే సూది పెట్టి, దాని వెంట దారమంత సన్నటి గొట్టం ఒకటి లోపల ఉంచి, తొడకి అంటించేసింది. ఆ గొట్టానికి చిన్న పంపు తగిలిస్తామనీ, మందు బొట్టు బొట్టుగా పోతూ ఉంటుందనీ చెప్పింది. ఆఖర్న ఒక మాట గట్టిగా చెప్పింది.

“పిన్నీ, మా నర్సు వచ్చి నొప్పెంత అని అడుగుతుంది. ఏమీ లేకపోతే సున్నా. ప్రాణం పోతున్నంత ఉంటే పది. మధ్యలో ఎంతుంటే అంత చెప్పు. నువ్వు చెప్పిన అంకెని బట్టే నేను మందు పెంచుతాను, తగ్గిస్తాను. అర్థమైందా?”

“ఓ, అర్థమైనాది” అంది గున్నమ్మ.

ఏం అర్థమైందో తర్వాత తెలిసింది.

ఆపరేషను చక్కగా జరిగింది. నడుముకిచ్చిన మత్తు దిగాక కూడా మోకాలు నొప్పి పెట్టలేదు. గున్నమ్మ దుప్పటి ఎత్తి చూసుకుంది, కాలు ఉందో లేదోనని. ఉంది, లావుపాటి కట్టుతో. వేళ్ళు కదిపింది, కదిలాయి. మడమ ఆడించింది, ఆడింది. బల్ల మీంచి కూర్మమ్మ నోరు తెరుచుకుని చూసింది. “నానైతే ఆ పూట మంచం పట్టీలు పీక్కున్నానే! నీకేటి, కులాసాగా కాఫీ తాగుతన్నావు!” అంది. అందులో అసూయ ఉంది, ఆనందం కూడా ఉంది. గున్నమ్మ కప్పు దించకుండా కళ్ళతోనే నవ్వింది.

మర్నాడు పొద్దున్న నర్సు పద్మకుమారి వచ్చి అడిగింది. “మామ్మా, నొప్పెంత?”

అప్పటికి కాస్త నొప్పి మొదలైంది. నిజం చెప్పాలంటే నాలుగు. కానీ అంకె అడిగేసరికి గున్నమ్మలో చేపలావిడ లేచి కూర్చుంది. అడిగేదెవరు? ఆస్పత్రి వాళ్ళు. ఇచ్చేదెవరు? తను. పెద్ద అంకె ఇచ్చామంటే మంచం దిగనివ్వరు, ఇంకో పది రోజులు పడుకోబెట్టేస్తారు. కాబట్టి తగ్గించి చెప్పాలి. ఆ పిల్ల కాదంటుంది, ఇంకొంచెం పెంచమంటుంది, ఆఖరికి మూడు దగ్గర ఆగొచ్చు.

“రెండు” అంది గున్నమ్మ, నిర్లక్ష్యంగా.

పద్మకుమారి కాగితం మీద రెండని వేసుకుని వెళ్ళిపోయింది.

గున్నమ్మ నిర్ఘాంతపోయింది. “ఏటే రాణీ, ఆ నర్సు గుంట మారు మాటాడకుండా ఎలిపోయింది?”

“మరేటి మాటాడతాది అత్తా?”

“సెప్పిన ధరకి ఒప్పేసుకున్నాదంటే ఏటి అర్థం? ఎక్కువ సెప్పీసినానన్నమాట! ఇంకా తగ్గించాల్సింది.” గున్నమ్మ నొచ్చుకుంది. జీవితంలో మొదటిసారి బేరంలో దెబ్బతిన్నానని మధ్యాహ్నం దాకా బాధపడింది.

రెండన్నాక అరుణశ్రీ ఏం చేస్తుంది? నొప్పి అంత తక్కువగా ఉంటే అంత మందెందుకని పంపు కాస్త తగ్గించింది. మధ్యాహ్నానికి నొప్పి ఆరుకెక్కింది. పద్మకుమారి మళ్ళీ అడిగింది. ఈసారి మోసపోకూడదని గున్నమ్మ గట్టిగా నిశ్చయించుకుంది.

“ఒకటి.”

“అబ్బ, భలే ఉన్నారు మామ్మా!” అని పద్మకుమారి మెచ్చుకుని వెళ్ళిపోయింది. పంపు ఇంకొంచెం తగ్గింది. నొప్పి ఇంకొంచెం పెరిగింది. మోకాల్లో ఎవరో కొలిమి పెట్టినట్టుంది. అయినా గున్నమ్మ పళ్ళ బిగువున కూర్చుంది. ఆవిడ మొండితనం గురించి ఏం చెప్పమంటారు! జోగయ్య పోయిన దుఃఖం తీరకముందే తట్టెత్తుకుని పొందూరు వెళ్ళిన మనిషి. ‘ఎలా ఉన్నావు గున్నమ్మా’ అని వీధంతా అడిగితే ‘నాకేటి, దివ్యంగా ఉన్నాను’ అని అరిచి చెప్పి, చేపలు తూచి ఇచ్చిన మనిషి.

ఆ మధ్యాహ్నమే కాలు వంచడానికి ధర్మేంద్ర వచ్చాడు. వ్యాయామం చేయించే అబ్బాయి, బలమైన చేతులు, మెత్తని మాట. “అమ్మా, నొప్పి ఒకటేనట కదా, ఇవాళ మనం జోరుగా పని చెయ్యాలి” అని మడమ కింద ఒక చెయ్యి, మోకాలి వెనక ఒక చెయ్యి వేసి, మెల్లగా వంచబోయాడు.

గున్నమ్మ అరవలేదు. పెదవి కొరుక్కుంది. కానీ నోటిని ఆపినంత తేలిగ్గా కాలిని ఆపలేకపోయింది. తొడంతా రాయిలా బిగిసి ఎదురు తన్నింది. కొంచెం కూడా వంగలేదు. ధర్మేంద్ర ఆగి, ఊపిరి తీసుకోమని, మళ్ళీ ప్రయత్నించాడు. లాభం లేదు. మూడోసారి అతని నుదుటి మీద చెమట పట్టింది గానీ మోకాలు కదల్లేదు.

“నొప్పి లేదంటున్నారు, మరి కాలెందుకు ఇవ్వట్లేదు?” అని గొణుక్కుంటూ వెళ్ళి ఆపరేషను చేసిన డాక్టరుని పిలుచుకొచ్చాడు. ఆయన వచ్చి చూశాడు. అంకెలు చూశాడు. కనుబొమలు ముడుచుకున్నాయి. నొప్పి ఇంత తక్కువైతే అది నొప్పి వల్ల కాదు, లోపల ఇంకేదో తేడా ఉందన్నాడు. ఫొటో తీయిద్దాం, అవసరమైతే మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి రావచ్చు, ఆలస్యమైతే బిగుసుకుపోతుంది అన్నాడు.

బిగుసుకుపోతుంది. ఆ మాట గదిలో పడేసరికి కూర్మమ్మ గుండెలు బాదుకుంది. “సెప్పినానా, సెప్పినానా! నాలాగైపోయినాదమ్మా నా సెల్లి! నాలాగైపోయినాది!”

గున్నమ్మ ఎదురుగా బల్ల మీద చాపి ఉన్న అప్ప కాలు వైపు చూసింది. ఆ పాదం ఎన్నేళ్ళుగా నేల మీద సరిగ్గా ఆనలేదో గుర్తొచ్చింది. రేపటి నుంచి తనూ అంతేనా? అరుగు మీద ఇద్దరు అప్పచెల్లెళ్ళూ రెండు కాళ్ళు చాపుకుని, పోయే ఆటోల్ని లెక్కపెట్టుకుంటూ? అంత భయం ఆవిడ తుపానులో కూడా పడలేదు.

అప్పుడొచ్చింది అరుణశ్రీ. ఫొటో సంగతి తర్వాత, ఒక్క నిమిషం నన్ను మాట్లాడనివ్వండని అందర్నీ బయటికి పంపించింది. రాణిని ఉండమంది. కూర్మమ్మని పంపించడం ఎవరి వల్లా కాదు కాబట్టి ఆవిడా ఉండిపోయింది. అరుణశ్రీ మొదటిసారిలాగే స్టూలు లాక్కుని కూర్చుంది. మంచం కడ్డీని పట్టుకున్న గున్నమ్మ చేతిని చూసింది. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. గోడకున్న మిషనులో గుండె పరిగెడుతోంది.

“పిన్నీ, నొప్పెంత?”

“ఒకటి.”

“ఇంకోసారి చెప్పు.”

గున్నమ్మ కళ్ళు తిప్పుకుంది. “పోనీ, ఒకటిన్నర.”

అరుణశ్రీ ఆ మాటకి ఉలిక్కిపడింది. ఆవిడ ముఖం వైపు తేరిపార చూసింది. “పిన్నీ... నువ్వు బేరమాడుతున్నావా నాతో?”

“మరాడనా?” గున్నమ్మకి ఒక్కసారిగా రోషమొచ్చింది. “మీరు అడిగినారు, నాను తగ్గించి సెప్పినాను. ఆ గుంట ఒక్క మాటైనా ఎదురు సెప్పాలా వద్దా? కాదు మామ్మా నీ ముకం సూస్తే ఆరులా ఉన్నాది, అనొద్దా? అంటే నాను మూడననా? ఎలగో నాలుగు దగ్గర తెగును. ఆ పిల్ల కిక్కురుమనకుండా రాసీసుకుని పోతాది! ఇదేటి ఆస్పత్రి తల్లీ, బేరం తెలీని ఆస్పత్రి!”

అరుణశ్రీ కళ్ళజోడు తీసేసి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. రాజాంలో వాళ్ళ నాయనమ్మ రోజూ వాకిట్లో చేపలావిడతో గంటసేపు పోట్లాడేదట, ఆ తర్వాత ఇద్దరూ కలిసి తాంబూలం వేసుకునేవారట. నవ్వు ఆగాక అరుణశ్రీ గున్నమ్మ చేతిని కడ్డీ మీంచి విడిపించి తన చేతిలోకి తీసుకుంది.

“పిన్నీ, నరాన్ని చూసే మిషనుంది నా దగ్గర. నొప్పిని చూసే మిషను మాత్రం ఎక్కడా లేదు. అది నీ ఒక్కదానికే తెలుసు. నువ్వు రెండంటే నేను రెండుకి సరిపడా మందిచ్చాను. ఒకటంటే ఇంకా తగ్గించాను. ఇక్కడ అమ్మేవాళ్ళూ లేరు, కొనేవాళ్ళూ లేరు. పెద్ద అంకె చెప్తే నిన్ను మంచాన పడుకోబెట్టను, లేపి నడిపిస్తాను. చిన్న అంకె చెప్తేనే అదిగో, ఆ కాలు అవుతుంది.” కూర్మమ్మ కాలు చూపించింది. “ఇప్పుడు చెప్పు. ఉన్నదున్నట్టు. ఎంత?”

గున్నమ్మ నోరు తెరిచింది. ఎంత సులువైన పని! ఒక్క అంకె. కానీ బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆవిడ ఉన్నమాటని ఉన్నట్టుగా, మొదటిసారి అడిగినప్పుడే, ఎవరి చేతిలోనూ పెట్టలేదు. చేప ధర చెప్పలేదు, కడుపులో బాధా చెప్పలేదు. చెప్తే లోకువైపోతానేమోనని జీవితమంతా భయపడింది.

“తొమ్మిది” అంది. “తొమ్మిది తల్లీ. సస్తన్నాను. పొద్దుటినించీ సస్తన్నాను!”

అంతే, ఏడుపు కట్ట తెంచుకుంది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. రాణి అత్తని అలా ఎప్పుడూ చూడలేదు. తనూ ఏడుస్తూ పక్కన కూర్చుని ఆవిడ తల ఒళ్ళోకి తీసుకుంది.

అరుణశ్రీ చకచకా పనిలో పడింది. మిషను తెప్పించి గొట్టం నరం పక్కనే సరిగ్గా ఉందని చూసుకుంది. గొట్టంలోంచి కాస్త మందు ఒకేసారి ఇచ్చి, పంపు పెంచింది. మోకాలి వెనక వైపు నొప్పికి ఈ నరం చాలదని, దానికి వేరే మందు కూడా వేసింది. “ఇప్పుడు తగ్గుతుంటే నాకు చెప్తూ ఉండు. నిజం అంకెలు.”

గున్నమ్మ కళ్ళు మూసుకుని కాలి మీదే మనసు పెట్టింది. కాసేపటికి “ఎనిమిది” అంది. ఇంకాసేపటికి “ఆరు... ఆరే.” రాణి కాఫీ తెచ్చి పట్టించింది. కాఫీ అయ్యాక “నాలుగు” అంది. ఆఖరికి కళ్ళు తెరిచి, “మూడు. ఇంక దిగనేదు” అంది.

“మూడంటే మూడేనా?”

“మా దాలిగాడి మీద ఒట్టు. మూడే!”

అరుణశ్రీ ధర్మేంద్రని పిలిచింది. ఆపరేషను డాక్టరు కూడా గుమ్మంలో నిలబడ్డాడు. ధర్మేంద్ర మళ్ళీ మడమ కింద చెయ్యి పెట్టాడు. గున్నమ్మ రాణి భుజం పట్టుకుని, “కానీ నాయినా” అంది.

తొడ ఈసారి ఎదురు తన్నలేదు. మోకాలు కదిలింది. ముందు కొంచెం. ఆగింది. గున్నమ్మ “నాలుగు... అయినా ఆపకు” అంది. ఇంకొంచెం వంగింది. మంచం అంచుకి జరిపి కూర్చోబెట్టి, మడమని కిందికి జారనిచ్చాడు. పాదం గాల్లో వేలాడింది, మెల్లమెల్లగా కిందికి దిగింది, మనందరం కుర్చీలో కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో అలా వచ్చి నిలిచింది.

“వంగినాది!” అని మొదట అరిచింది కూర్మమ్మ. ఆ అరుపుకి పక్క గదుల్లో వాళ్ళు కూడా తొంగి చూశారు. “ఓలమ్మో, వంగినాదే గున్నా! సూడే, వంగినాదే!” అని తన కాలు సంగతి మరిచిపోయి బల్ల దిగబోయింది. రాణి పరిగెత్తి పట్టుకుని తెస్తే, వచ్చి చెల్లెలి మోకాలి కట్టు మీద మెత్తగా చెయ్యి వేసి, అలా నిమురుతూనే ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం. గుమ్మంలో డాక్టరు, ఫొటో అక్కర్లేదులే అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం గున్నమ్మని వాకరు పట్టించి నిలబెట్టారు. నడుముకి బెల్టు కట్టి ధర్మేంద్ర ఒక పక్క, పద్మకుమారి ఒక పక్క. కొత్త మోకాలు మీద బరువు పడింది, ఆనింది. గుమ్మం దాకా నడిచింది. వెనక్కి రమ్మంటే రానంది. వరండాలోకి పోయింది.

ఇక ఆ తర్వాత ఆస్పత్రిలో ఆవిణ్ణి పట్టడం ఎవరి తరమూ కాలేదు. అడిగినా అడక్కపోయినా నొప్పెంతో చెప్పేది. “మూడున్నర” అనేది. “ఇప్పుడు రెండుంపావు” అనేది. పావులు వద్దు మామ్మా అని పద్మకుమారి మొత్తుకున్నా వినలేదు. అంతటితో ఆగిందా? వాకరు టకటకలాడించుకుంటూ పక్క గదుల్లోకి వెళ్ళేది. పాతపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన మూలుగుతూ, నర్సు అడిగితే మాత్రం పౌరుషం చూపిస్తూ ‘ఏం లేదు, ఏం లేదు’ అంటుంటే, గుమ్మంలో నిలబడి కడిగేసింది. “ఏటి బావా, ఎవరికోసం దాస్తన్నావు? ఇక్కడ బిగబడితే కాలు బిగిసిపోద్ది. ఉన్నది కక్కీసీ!” ఆయన బిత్తరపోయి ఏడని చెప్పేశాడు. అరుణశ్రీ ఆ సంగతి విని, “పిన్నీ, నువ్వు ఇంటికెళ్ళిపోతే నాకు చాలా కష్టం” అంది.

గొట్టం తీసేశాక నొప్పి కాస్త తిరగబెట్టింది. ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. మాత్రలు వేసుకుంది, కాలు వంచింది. ఇల్లు చేరాక రోజూ పొద్దునా సాయంత్రం వ్యాయామం. ఎగ్గొడదామంటే కూర్మమ్మ ఊరుకుంటే కదా. పక్కింటి అరుగు మీంచే కేకలేసి చేయించేది. వాకరు పోయి చేతికర్ర వచ్చింది, తర్వాత కర్ర కూడా తలుపు వెనక్కి పోయింది.

డాక్టరు రెండు కట్టడులు పెట్టాడు. నెత్తి మీద బరువు మొయ్యొద్దు, కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవద్దు. మొయ్యొద్దంటే తిరగొద్దని కాదుగా! తట్ట మొయ్యడానికి రాణి ఉంది. “నువ్వు తట్ట, నాను నోరు” అని గున్నమ్మ పని పంచేసింది. రాణి మొదట సిగ్గుపడింది. అప్పటిదాకా వీధి అమ్మకం ఎరగదు. కానీ అత్త ముఖంలో వెలుగు చూశాక కాదనలేకపోయింది.

ఒక పొద్దున్న ఇద్దరూ పొందూరులో బస్సు దిగారు. గున్నమ్మ కడ్డీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ కాలు వంచి దిగింది. కండక్టరు చెయ్యందించబోతే “తీసీ నీ చెయ్యి” అంది. వీధి మొగలో నిలబడి, కొంగు నడుముకి దోపి, రొమ్ము నిండా గాలి పీల్చి కేక పెట్టింది.

“కానాగంతలో... కవ్వలో...”

తలుపులు తెరుచుకున్నాయి. ఒకావిడ గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చి, చేపల మాటే మరిచిపోయి, గున్నమ్మని నఖశిఖ పర్యంతం చూసింది. “ఓలమ్మ! నువ్వా! నడుస్తన్నావా!” అంది. ఇంకో ఇంట్లోంచి ముసలావిడ వచ్చి కాలు ముట్టుకుని చూసింది. వీధంతా చుట్టూ మూగింది. గున్నమ్మ చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి, మోకాలు వంచి చాపి చూపించింది, పెళ్ళికూతురు నగ చూపించినట్టు. ఆ హడావుడిలో రాణి తట్ట సగం ఖాళీ అయింది.

వీధి మధ్యలో ఐసు పెట్టె కట్టిన టీవీఎస్ ఒకటి ఆగి ఉంది. దాని మీద లక్ష్ముడని ఒకతను. గున్నమ్మ రాని రోజుల్లో ఈ వీధులు పట్టేసుకున్నవాడు. కొనేవాళ్ళంతా అవతలికి తిరగడం చూసి హారను మోగించాడు.

“ఏటి పిన్నీ, మళ్ళీ వచ్చీసినావా? నీకు కాలు పోయిందన్నారే!”

“పోయింది. కొత్తది తెచ్చుకున్నాను.” గున్నమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది. “నీ బండి పక్కకి తియ్యి, దారికడ్డంగా ఉన్నాది.”

లక్ష్ముడు బండి పక్కకి తీశాడు. గున్నమ్మ ఆ వీధి చివరి దాకా నడిచింది. “అత్తా, ఇవాల్టికి సాలు, ఎల్దాం” అని వెనకనుంచి రాణి పిలిచింది. గున్నమ్మ వినిపించుకోలేదు. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడి చూసుకుని, పక్క వీధిలోకి తిరిగింది.